అక్టోబర్ ఉత్తరం: మూడో క్లాస్ సంగతి, టీసీ సంగతి

అమ్మలకి, నాన్నలకి, స్కూటర్ మీద మనవల్ని దింపే తాతయ్యలకి నమస్కారం.

కన్నడ ఉత్తరం, ఇంగ్లీషు ఉత్తరం ఆఫీసు వాళ్ళు పంపేశారు, తెలుగుది మాత్రం ఎప్పట్లాగే నేనే కూర్చుని టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుపోండి. నవంబర్ 1న రాజ్యోత్సవకి, అదే కర్ణాటక అవతరణ దినానికి, జెండా ఎగరేసి పదింటికల్లా పంపించేస్తాం, ఫీజు గడువు నోటీసు బోర్డు మీద ఉంది, స్వెట్టర్ నేవీ బ్లూ మాత్రమే, అంతే.

ఇక అసలు విషయం. పోయిన మంగళవారం మూడో క్లాస్‌లో జరిగిన దాని గురించి మీ వాట్సాప్ గ్రూపులో రాత్రి పన్నెండు దాకా మెసేజ్‌లు నడిచాయని తెలిసింది. నేను ఆ గ్రూపులో లేను కానీ స్క్రీన్‌షాట్లు నా దాకా రావడానికి ఎంతసేపు. ఒకరు కత్తి అన్నారు. కత్తి లేదండీ. స్టీలు నీళ్ళ బాటిల్. లంచ్ అయ్యాక బెల్ కొట్టారు, పిల్లలందరూ ఒకేసారి లోపలికి తోసుకొచ్చారు, మీరు గ్రూపులో చర్చించిన మన వాడి రబ్బరు పక్క పిల్లాడు లాక్కున్నాడు, మన వాడు బాటిల్ విసిరాడు, అది ట్యూబ్‌లైట్‌కి తగిలి కింద పడుతూ ఒక పాప మోచేతిని గీరింది. తర్వాత వాడు బెంచీ కిందకి దూరి రెండు చెవులూ మూసుకుని ఇరవై నిమిషాలు బయటికి రాలేదు. మా క్లాస్ టీచర్ చీర కొంగు దోపుకుని వాడి పక్కనే నేల మీద కూర్చుంది, ఒక్క మాట మాట్లాడకుండా. ఇది ఎవరి వీడియోలోనూ లేదు, ఎందుకంటే కిటికీలోంచి ఫోన్ పెట్టి తీసిన పెద్దాయన అప్పటికే వెళ్ళిపోయారు. ఆయనెవరో నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. దయచేసి డిలీట్ చేయండి సార్.

ఆ పాప వాళ్ళమ్మ మర్నాడు వచ్చారు, గొంతు పెంచలేదు, మళ్ళీ జరక్కుండా ఏం చేస్తారు మేడమ్ అని ఒక్కటే అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆవిడకి చెప్పిందే మీకూ చెప్తున్నా. లంచ్ తర్వాత ఆ క్లాస్‌లో ఇద్దరు టీచర్లు ఉంటారు, వాడు అందరికంటే ఐదు నిమిషాల ముందే లోపలికి వచ్చి కూర్చుంటాడు, స్టీలు బాటిళ్ళు బయట షెల్ఫ్‌లో ఉంటాయి. ఇంక ఆ పిల్లాడికి టీసీ ఇచ్చి పంపేయమని సంతకాలు పెట్టిన వాళ్ళకి: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో క్లాస్ పూర్తయ్యే దాకా పిల్లల్ని స్కూల్లోంచి తీసేయడానికి లేదు. చట్టం లేకపోయినా నేను ఇవ్వను. ఎందుకంటే ఒకసారి ఇచ్చా. చాలా ఏళ్ళ క్రితం వేరే స్కూల్లో ఉన్నప్పుడు, చెప్పింది వినడు, పక్కవాళ్ళని కొడతాడు అని ఒక పిల్లాడిని పంపించేశాం, సంతకం నాదే. తర్వాత వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్పారు, వాడి చెవుల్లో కర్ణభేరి వెనక నీరు చేరిందట, సగం మాటలు వినపడేవే కాదట. వినడు వినడు అని రిపోర్టులో నేనే రాశాను.

అందుకే ఇప్పుడు మా టీచర్లు ఒక నోట్‌బుక్ పెడుతున్నారు, మూడు గళ్ళు, గొడవకి ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం. రెండు వారాలు రాస్తే మీకే కనపడుతుంది. మన వాడిది పదకొండు సార్లలో తొమ్మిది లంచ్ బెల్ తర్వాతే, చప్పుడు ఎక్కువైనప్పుడే. ఆ నోట్‌బుక్ పట్టుకుని ముందు పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, చెవులు, కళ్ళు, నిద్ర, రక్తహీనత, మూర్ఛ లాంటివి ఉన్నాయేమో చూస్తారు, ఆ తర్వాత పిల్లల సైకియాట్రిస్ట్, సైకాలజిస్ట్. కుదురుగా ఉండలేని, ధ్యాస నిలవని ఏడీహెచ్‌డీనా, ఆటిజమా, చదువులో ఇబ్బందా, భయమా, ఇంట్లో ఏదైనా జరుగుతోందా అన్నది వాళ్ళు చెప్పాలి, గ్రూపులో ఆంటీలు కాదు. మన వాడి అమ్మానాన్నలు ఇదంతా మొదలుపెట్టేశారు. ఈ ఉత్తరం పంపేముందు వాళ్ళకి చదివి వినిపించా, రెండు లైన్లు తీసేయమన్నారు, తీసేశా.

ఇక్కడ నా గోడు ఒకటి వినాలి. మనసుకి, నరాలకి వైద్యం చేసే నిమ్హాన్స్ పేరు ఎత్తగానే "మా వాడికేం పిచ్చా మేడమ్" అంటారు. 2012లో జాతీయ ప్రాముఖ్యత ఉన్న సంస్థగా గుర్తింపు వచ్చిన ఆసుపత్రి, పిల్లల కోసమే విడిగా ఒక డిపార్ట్‌మెంట్ ఉన్న ఆసుపత్రి, అది మన బెంగళూరులోనే హోసూర్ రోడ్డులో ఉంది. అనంతపురం నుంచి, కర్నూలు నుంచి రాత్రి బస్సెక్కి పిల్లాడిని ఒళ్ళో పడుకోబెట్టుకుని వచ్చి పొద్దున్నే లైన్లో నిలబడే తల్లులున్నారు, మనం మారతహళ్ళిలో కూర్చుని ట్రాఫిక్ అంటాం, చుట్టాలు చూస్తారేమో అంటాం. చూస్తే చూడనీయండి, వాళ్ళు మాత్రం అక్కడికి ఎందుకొచ్చారట! పిల్లల్ని అడ్మిట్ చేయాల్సి వస్తే ఒంటరిగా వదిలేస్తారనే భయమొకటి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మైనర్‌తో పాటు ఇంటి మనిషో సహాయకులో ఉండి తీరాలి, పెద్దవాళ్ళ వార్డులో కలపకూడదు కూడా. ముందు ఫోన్‌లో మాట్లాడదాం అనుకుంటే 14416, టెలి మానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్‌లో మొదలైంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు, అర్ధరాత్రి కూడా. పిల్లలు తమకి తాము హాని చేసుకుంటుంటే, చచ్చిపోతా అంటుంటే, చేతిలో ఏదైనా పట్టుకుని మీదికొస్తుంటే మాత్రం నోట్‌బుక్కులూ వద్దు, అపాయింట్‌మెంట్లూ వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

మంగళవారం నాడు మా ఎనిమిదో క్లాస్ అమ్మాయిలు ఇద్దరు చేసిన పని చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఎవరూ చెప్పకుండానే మూడో క్లాస్ చిన్నోళ్ళని గాజుముక్కలకి దూరంగా వరండాలోకి తీసుకెళ్ళి, లైన్లో కూర్చోబెట్టి, పొడుపు కథలు చెప్పారు. నేను వెళ్ళేసరికి "కిటకిట తలుపులు కిటారి తలుపులు ఎప్పుడు వేసినా చప్పుడు కావు" అని ఒకమ్మాయి అడుగుతుంటే ముప్పై మంది ఒకేసారి "కళ్ళూ" అని అరుస్తున్నారు. అందులో ఒకమ్మాయి పోయినేడాది తొమ్మిది సార్లు లేటుగా వచ్చి నాతో చీవాట్లు తిన్నదే. పేర్లు రాయను, మళ్ళీ గ్రూపులో చర్చ ఎందుకు.

ఇంటి సంగతులు నాకెందుకులెండి, అయినా అడుగుతున్నా. రాత్రి పదకొండున్నరకి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడితే వెనకాల మీ పిల్లల గొంతు ఎందుకు వినపడుతోంది? ఈ వయసు పిల్లలకి తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. ఫోన్ చేతిలో పెడితేనే ఇడ్లీ తింటాడు అంటారు, ఏడిస్తే ఫోన్ ఇస్తున్నారు కాబట్టి వాడు ఏడవడం నేర్చుకున్నాడు, అంత తెలివైన వాడు మరి. ఇవ్వడం ఆపేస్తే మొదట్లో ఇంకా గట్టిగా అరుస్తారు, అది మామూలే, ఐదో రోజుకి పాపం అని ఇచ్చేశారా, ఐదు రోజులు అరిస్తే వస్తుందని నేర్పినట్టు. "నాలుగు తగిలించండి టీచర్" అనే నాన్నలకి కూడా ప్రేమతో ఒక మాట, మేం కొట్టం, చట్టం ఒప్పుకోదు, మేమూ ఒప్పుకోం. ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన పిల్లాడు ఇక్కడ ఎవరిని కొడతాడో మాకు రోజూ కనపడుతూనే ఉంది.

వచ్చే శనివారం పదింటికి పీటీఎం. నోట్‌బుక్ ఎలా రాయాలో మా క్లాస్ టీచరే చూపిస్తుంది, కావాల్సిన వాళ్ళు ఆగండి, పిల్లాడి పేరు ఎవరూ అడగరు. కాల్ ఉంది అని కారిడార్‌లో తిరిగే వాళ్ళు ఆ కాల్ ఏదో ముందే ముగించుకుని రండి.

ట్యూబ్‌లైట్ ఖర్చు ఎవరు భరించారు అని కూడా గ్రూపులో అడిగారట. పిల్లాడి నాన్నగారు అదే రోజు సాయంత్రం కొత్త లైట్ కొనుక్కొచ్చి, స్టూల్ ఎక్కి తనే బిగించి వెళ్ళారు. దాని వీడియో ఎవరూ తీయలేదు.

మీ
హెడ్ మేడమ్