నొప్పి మాత్రలన్నీ ఒకటి కావు

నొప్పి తగ్గించే మాత్రలన్నిటినీ ఒకే గాటన కట్టి, డాక్టరు చీటీ అడగకుండానే అమ్మే పద్ధతిని చెన్నైలో ఔషధ నియంత్రణ అధికారులు వెంటనే అరికట్టాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వాపునకు కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల తయారీని అడ్డుకుంటాయి కాగా, ట్రమడాల్ వంటి ఓపియాయిడ్లు (నల్లమందు తరహాలో పనిచేసే మందులు) వాపు జోలికి పోకుండా మెదడు, వెన్నుపాములలో నొప్పి సంకేతాలను అణచివేస్తాయి. వాటితో మత్తు, మలబద్ధకం, అలవాటుపడే ప్రమాదం ఉన్నందుకే 2018లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చారు. వాపు తగ్గించే మాత్రలూ నిరపాయమైనవేమీ కావు. పెరంబూరు ప్రాంతంలో నేను గమనించినంతలో, మోకాళ్ల నొప్పులన్న వృద్ధులను రక్తపోటు మందులు వాడుతున్నారా, కడుపులో పుండ్లున్నాయా, మూత్రపిండాలు బాగున్నాయా అని ఒక్క మాటైనా అడగకుండా, అట్ట కత్తిరించి మందు పేరు కనిపించని ముక్కను చేతిలో పెడుతున్నారు. ‘ఇంకా బలమైనది ఇవ్వండి’ అని అడిగేవారికీ కొదవలేదు; అయితే నడుము, తుంటి, మోకాళ్ల దీర్ఘకాలిక నొప్పులపై అమెరికాలో జరిగి 2018లో వెలువడిన పరిశోధనలో ఓపియాయిడ్లు ఏడాదిపాటు వాడినా ఇతర నొప్పి మందులకంటే మెరుగనిపించుకోలేదు. (కేన్సర్ రోగికి అవసరమైన మార్ఫిన్ అనే ఓపియాయిడ్‌ను అలవాటుపడతారన్న భయంతో నిరాకరించడం మాత్రం క్రూరత్వమే.) కాబట్టి విడిగా అమ్మే ప్రతి మాత్ర కవరుపై మందు పేరు, రకం, ఎన్నాళ్లు వాడాలన్నది తమిళంలోనూ, తెలుగువారు ఎక్కువగా ఉన్నచోట్ల తెలుగులోనూ రాయడం తప్పనిసరి చేసి, ఓపియాయిడ్ల అమ్మకాల రిజిస్టర్లను ముందుగా చెప్పకుండా తనిఖీ చేయాలి.

– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై