‘కాబట్టి’కి కూడా మార్కులు వేయండి

సంపాదకులకు నమస్కారం.

నేను హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మొన్న నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు మా పేటలో పదో తరగతి పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టి, నలభై రెండు పేపర్లు నా చేతికిచ్చారు. అంశం: ‘బుడమేరు ఒడ్డున ఇళ్లు ఉండనివ్వాలా, తీసేయాలా?’ (బుడమేరు మా విజయవాడ మీదుగా పారే వాగు; సింగ్‌నగర్, పాయకాపురం దాని దగ్గరి పేటలు.) ఉపోద్ఘాతానికి రెండు, విషయ వివరణకు ఐదు, ముగింపుకు రెండు, దస్తూరీకి ఒకటి అని మార్కుల పట్టిక కూడా ఇచ్చారు. వాదన నిలబడిందా లేదా అన్నదానికి మాత్రం గడి లేదు.

ఒక పిల్లాడు ఇలా రాశాడు: ‘2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. అప్పుడే సింగ్‌నగర్ మునిగింది. కాబట్టి సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణే. బుడమేరు ఒడ్డున ఇళ్లు తీసి లాభం లేదు.’ ఎర్ర పెన్నుతో పేరా మొత్తానికి అడ్డంగా గీత కొట్టి, పక్కన ‘కాకతాళీయం’ అని రాశాను. కాకి వాలింది, తాటిపండు పడింది, పడేసింది కాకే అనుకోవడం అన్నమాట. నా పని అయిపోయిందనుకున్నాను.

బహుమతుల రోజున వాడు ఆ పేపరు పట్టుకుని వచ్చాడు.

“కృష్ణకు వరద రాలేదా మేడమ్?”

“వచ్చింది నాన్నా.”

“సింగ్‌నగర్ మునగలేదా?”

“మునిగింది.”

“మరి నేను రాసినదాంట్లో తప్పేది?”

వెంటనే జవాబు తట్టలేదు నాకు. రెండు మాటలూ నిజమే. తేడా అంతా ఆ ‘కాబట్టి’లో ఉంది. నేనేమో పేరా మొత్తం కొట్టేశాను.

ఇద్దరం బెంచీ మీద కూర్చుని పేపరు వెనక బొమ్మ గీశాం. బుడమేరు నీళ్లను వెలగలేరు దగ్గర మళ్లించి, ఒక కాలువ గుండా బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆ మళ్లింపు కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఊరి మీద పడ్డవి ఆ నీళ్లు. “అయితే కృష్ణకు సంబంధమే లేదా?” అన్నాడు. ఎందుకు లేదు? నది నిండుగా ఉన్నప్పుడు కాలువ నీళ్లు దిగవు, ఎగదన్నుతాయి. అంటే వాడి మాటలో సత్తువ ఉంది, మధ్యలో ఒక మెట్టు రాయలేదంతే. పది నిమిషాల్లో వాడే తిరగరాశాడు: ‘కృష్ణ నిండుగా ఉంటే మళ్లింపు కాలువ నీరు నదిలోకి దిగడం కష్టం. అప్పుడు ఆ కాలువకు గండ్లు పడ్డాయి. ఆ నీరు సింగ్‌నగర్‌ను ముంచింది. అందుకే ఇళ్లు తీసేస్తే సరిపోదు, కట్టల సంగతి కూడా చూడాలి.’ మొదట కృష్ణ మీద మొండిగా వాదించినవాడే!

మిగతా పేపర్లలోనూ ఇలాంటివి బోలెడు. ‘మా బాబాయి ఇల్లు పాయకాపురంలోనే ఉంది, మునగలేదు, కనుక వరద భయం ఉత్తదే’ అని ఒకమ్మాయి. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకు చూస్తే తెలుస్తుందంటాం. మెతుకులన్నీ ఒకే గిన్నెలో, ఒకే మంట మీద ఉంటాయి కనుక తెలుస్తుంది. వీధి అలా కాదు కదా, ఒకరి అరుగు నాలుగడుగుల ఎత్తు, పక్కవాళ్ల గడప రోడ్డుకు దిగువ. ‘తీసేయమనేవాళ్లంతా సొంత డాబాలున్నవాళ్లే’ అని ఇంకొకడు. ఉండొచ్చు. డాబావాడు చెప్పినంత మాత్రాన బుడమేరు పల్లానికి పారడం మానుతుందా?

దీనికి నవ్వుకున్నాను గానీ, అదే రోజు నేనూ ఆ పనే చేశాను. ఒక పేపరు తీస్తుంటే తోటి జడ్జి “హాస్టల్ పిల్ల లెండి, అంతా బట్టీ” అన్నారు. చదవకముందే మనసులో రెండు మార్కులు కోసేశాను. తీరా చదివితే, ‘తీసేస్తే వాళ్లు ఎక్కడికి పోవాలో చెప్పకుండా తీసేయాలా వద్దా అని అడిగితే సగమే అడిగినట్టు’ అని ఉంది. నలభై రెండు మందిలో అంశాన్నే నిలదీసింది ఆ పిల్ల ఒక్కతే. మొదటి బహుమతి ఆమెకే ఇచ్చాం.

తర్కశాస్త్రంలో వీటిని హేత్వాభాసలంటారు, హేతువులా కనబడతాయి గానీ కావు. గౌతముడి న్యాయసూత్రాలు ఐదు రకాలు చెప్పాయి. పదో తరగతి పిల్లలకు ఆ పేర్లు బట్టీ పట్టించమని నేననడం లేదు. పేరు నేర్చినవాడు ముందు ఎదుటివాడి నోరు మూయిస్తాడు, నేను ‘కాకతాళీయం’ అని రాసి చేతులు దులుపుకున్నట్టు.

మీ విద్యార్థుల పేజీలో బహుమతి వ్యాసాలు వేస్తుంటారు. నెలకొకసారి ఒక్క పేరా వేయండి, పిల్లలు మొదట రాసింది రాసినట్టుగా, పక్కనే వాళ్లు దిద్దుకున్నది. పేర్లు వద్దు. పోటీలు పెట్టేవాళ్లు ఆ పట్టికలో ‘కాబట్టి’కి రెండు మార్కుల గడి పెట్టాలి. దస్తూరీ మార్కు తీసేసినా నాకు అభ్యంతరం లేదు (తెలుగు పండితురాలినై ఉండి ఈ మాట అనడం కష్టంగానే ఉంది).

ఆ పిల్లాడి పేపరు నా దగ్గరే ఉంది. వాళ్లమ్మ సరేనంటే మొదటి పేరాగా అదే పంపుతాను. వెనక బొమ్మలో కృష్ణ కాస్త వంకర పోయింది, అది నేను గీసింది.

– ఒక విశ్రాంత తెలుగు పండితురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ