పాతబడింది మెషీన్ కాదు, లోపలి కార్డు ఒక్కటే

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఫ్యాక్టరీల్లోని పాత కంప్యూటర్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. లోపలి కంప్యూటర్ పాతబడింది కాబట్టి ఇరవై ఏళ్లు దాటిన మెషీన్లన్నీ తీసిపారేయాల్సిందే అన్నారు. అలాంటి మెషీన్లు బాగుచేస్తూనే ఇన్నేళ్లు గడిపినవాణ్ణి, ఈ మాట మాత్రం నాకు మింగుడుపడలేదు.

పాతబడేది ప్రాసెసర్. దాన్ని మార్చుకోగలమా లేదా అన్నది లోపలున్న బస్‌ను, అంటే ప్రాసెసర్‌కూ స్లాట్లలో గుచ్చే కార్డులకూ మధ్య సిగ్నళ్లు నడిచే దారిని బట్టి, ఇవన్నీ కూర్చున్న పెట్టెను బట్టి ఉంటుంది. వ్యాసంలో బస్ గురించి రెండు వాక్యాలున్నాయి, పెట్టె గురించి ఒక్క ముక్క లేదు.

ఐఎస్ఏ అనే పాత బస్ సంగతే తీసుకోండి. 1981లో ఐబీఎం పీసీతో, ఒక్కసారికి 8 బిట్లు పంపేదిగా మొదలై 1984లో ఐబీఎం వాళ్లదే ఏటీ అనే మోడల్‌తో 16 బిట్లయింది. మోటార్లు తిప్పే కార్డులు, కొలతలు తీసే కార్డులు దానికోసం లెక్కలేనన్ని వచ్చాయి. ఇంటి కంప్యూటర్లలో ఆ స్లాట్ ఎప్పుడో మాయమైంది, కానీ ఆ కార్డుతో నడిచే లేత్ ఇంకా గట్టిగానే ఉంది. అక్కడే టెన్షన్ మొదలవుతుంది. దీనికి మందు కూడా ఎప్పుడో ఉంది, పాసివ్ బ్యాక్‌ప్లేన్. అందులో మదర్‌బోర్డు అనేదే ఉండదు, స్లాట్లున్న ఒట్టి పలక ఉంటుంది, ప్రాసెసరూ మెమరీ ఒక కార్డు మీద వచ్చి మిగతా కార్డుల పక్కనే కూర్చుంటాయి. ఐఎస్ఏ, దాని తర్వాత వచ్చిన పీసీఐ అనే బస్ రెండూ పక్కపక్కనే ఉండేలా పీఐసీఎంజీ అనే కంపెనీల కూటమి 1994లో దీనికో స్టాండర్డ్ పెట్టింది. ప్రాసెసర్ పోతే ఆ ఒక్క కార్డు లాగి ఇంకోటి పెడతాం, పాత ఐఎస్ఏ కార్డును ముట్టుకోనక్కర్లేదు. (డాస్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం మీద నడిచే ప్రోగ్రామైతే కొత్త ప్రాసెసర్ వేగానికి టైమింగ్ తప్పే గొడవ ఒకటుంది, దాని జోలికి ఇప్పుడు పోను.)

ఇక పెట్టె. ఒకచోట ప్రెస్ మెషీన్ పక్కనున్న ఇండస్ట్రియల్ పీసీ చెడిపోతే సర్వీసు వాళ్లు మామూలు ఆఫీస్ పీసీ తెచ్చి, పాతదానికంటే ఎంతో ఫాస్ట్ అని చెప్పి మరీ పెట్టి వెళ్లారు. నాలుగు రోజులకోసారి ఆగిపోయేది. సాఫ్ట్‌వేర్ మళ్లీ వేశాం, కేబుళ్లు మార్చాం, ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం, చివరికి మూత తీసి టార్చి వేసి చూస్తే కార్డు ఒక కొస స్లాట్‌లోంచి వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. మామూలు పీసీలో కార్డును పట్టుకునేది వెనకాల ఒక్క స్క్రూ, రెండో కొసకు స్లాట్ పట్టు తప్ప ఆధారం లేదు, పైన ప్రెస్ దెబ్బ పడ్డప్పుడల్లా అదురు. ఇండస్ట్రియల్ పెట్టెలో అయితే కార్డుల మీదుగా అడ్డంగా ఒక పట్టీ ఉంటుంది, దానికున్న రబ్బరు ముక్కలు ఒక్కో కార్డునూ నెత్తి మీద నొక్కి పడతాయి. ఇంతా చేసి అదొక రేకు ముక్క, అది లేకే అన్ని రోజుల పని పోయింది.

ఫ్యాన్ సంగతీ అంతే. ఆఫీస్ పీసీలో ఫ్యాన్ ఎక్కువగా గాలిని బయటికి తోస్తుంది కాబట్టి ఉన్న ప్రతి సందులోంచీ దుమ్మూ నూనె ఆవిరీ లోపలికి వస్తాయి. ఇండస్ట్రియల్ పెట్టెలో ముందువైపు ఫిల్టర్ పెట్టి దాని వెనక ఫ్యాన్‌తో గాలిని లోపలికి నెడతారు, లోపల ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉండి సందుల్లోంచి గాలి బయటికే పోతుంది. ఆ ఫిల్టర్ కడిగే మనిషి ఉంటేనే అనుకోండి.

ఇవన్నీ ముందే ఆలోచించి చేసిన బస్‌లూ ఉన్నాయి. 1981లో వచ్చిన వీఎంఈ అలాంటిదే. మోటరోలా వాళ్ల వెర్సాబస్ సిగ్నళ్లను తీసుకుని యూరోకార్డ్ అనే స్టాండర్డ్ కార్డు కొలతల్లో కూర్చోబెట్టారు. చిన్న కార్డు 100 మిల్లీమీటర్ల ఎత్తు, 160 లోతు. రెండు అంచులూ పట్టాల మీద జారుతూ వెళ్తాయి, వెనక పిన్నులు సాకెట్లో దిగుతాయి, ముందు ప్యానెల్‌కు పైనా కిందా స్క్రూలు. కార్డు నిలువుగా నిలబడుతుంది కాబట్టి గాలి కింద నుంచి పైకి సాఫీగా పోతుంది, కార్డు మార్చాలంటే రాక్‌లోంచి, అంటే పరికరాలు ఒకదాని మీద ఒకటి బిగించే స్టాండ్‌లోంచి, పెట్టె బయటికి లాగి మూత విప్పే పనిలేదు. 1995లో పీసీఐ సిగ్నళ్లను తెచ్చి ఇవే కొలతల్లో పెట్టి కాంపాక్ట్ పీసీఐ అన్నారు, 1997లో కొలత పరికరాల కోసం దానికే టైమింగ్ లైన్లు చేర్చి పీఎక్స్ఐ అన్నారు. సిగ్నళ్లు మారాయి, రేకు కొలతలు మారలేదు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

అన్నీ యూఎస్‌బీలో వస్తుంటే స్లాట్లెందుకు అని కూడా వ్యాసంలో అడిగారు. ఈథర్‌క్యాట్ లాంటి, మెషీన్ల కోసం చేసిన నెట్‌వర్క్‌లు వచ్చాక మోటార్ కార్డుల అవసరం నిజంగానే తగ్గింది, నెట్‌వర్క్ కేబుల్ ఒకటి చాలు, ఒప్పుకుంటాను. యూఎస్‌బీ మాత్రం అలా కాదు. మామూలు యూఎస్‌బీ ప్లగ్గుకు లాక్ లేదు, స్క్రూ లేదు. పైగా యూఎస్‌బీ 2లో పరికరం తనంతట తాను పలకదు, కంప్యూటర్ అడిగినప్పుడే జవాబిస్తుంది. ప్రెస్ కింద చెయ్యి ఉందో లేదో చెప్పే పని దానికి అప్పగించమంటే నేను అప్పగించను.

ఒక చిన్న సవరణ కూడా వేయండి. రాక్‌లో పరికరాల ఎత్తు చెప్పే కొలత 1యూ అంటే 1.75 సెంటీమీటర్లని అచ్చయింది. సెంటీమీటర్లు కాదు, అంగుళాలు, అంటే 44.45 మిల్లీమీటర్లు. పైనా కిందా ఒరుసుకోకుండా ఉండటానికి 1యూ ప్యానెల్‌ను అంతకంటే కాస్త తక్కువగా, 43.66 మిల్లీమీటర్లకు కోస్తారు. మీ పేపర్ చూసి ఎవరైనా రేకు కోయించేలోగా ఇది అచ్చయితే మంచిది.

ఇట్లు,
ఒక మెయింటెనెన్స్ ఇంజనీర్