గెట్‌చార్ విలువని ఇంట్‌లోనే పెట్టు

చి. సింధుకు,
నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన సీ భాష కోడ్ చదివాను. అక్షరాలు లెక్కపెట్టడానికి మూడొందల లైన్లెందుకు తల్లీ? రంగులు, మెనూ, "ఫైలు పేరు ఇవ్వండి" అనే ప్రశ్న, మూడూ తీసెయ్. ఒక ప్రోగ్రాం అవుట్‌పుట్‌ని ఇంకోదానికి ఇన్‌పుట్‌గా ఇచ్చేదే పైపు, ప్రశ్నలడిగే ప్రోగ్రాం దాని మధ్యలో పనికిరాదు. 1973లో బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్‌రాయ్ పట్టుబట్టి కెన్ థాంప్సన్ చేత యూనిక్స్‌లో పైపులు పెట్టించాకే పనిముట్లు ఇంత చిన్నవయ్యాయి. స్టాండర్డ్ ఇన్‌పుట్ చదువు, స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి ఒక అంకె రాయి, తప్పేదైనా ఉంటే స్టాండర్డ్ ఎర్రర్‌కి చెప్పు. ముప్పై లైన్లు చాలు.

అసలు తప్పు లూప్‌లో ఉంది. ఇన్‌పుట్ నుంచి ఒక్కో బైటు చదివే గెట్‌చార్ ఇచ్చేది ఇంట్, అంటే పూర్ణాంకం: 0 నుంచి 255 దాకా ఒక బైటు, లేదా ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పే ఈఓఎఫ్, అంటే మామూలుగా -1. నువ్వు దాన్ని ఒక్క బైటే పట్టే చార్‌లో కుక్కావు. ఇంటెల్ లినక్స్‌లో చార్ మైనస్ విలువలు కూడా పట్టుకుంటుంది కాబట్టి 255 బైటు అక్కడ -1 అయిపోతుంది, ఫైలు ఇంకా ఉండగానే లూప్ ఆగిపోతుంది. రాస్‌బెర్రీ పై లాంటి ఆర్మ్ లినక్స్‌లో దీనికి తలకిందులు: -1 కాస్తా 255గా మారి లూప్ ఎప్పటికీ ఆగదు. అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8, ఆ పద్ధతిలో ఉన్న తెలుగు ఫైల్లో 255 బైటు రానే రాదు, అందుకే నీ పరీక్షలన్నీ పాసయ్యాయి. ఒక జేపెగ్ ఫోటో ఇచ్చి చూడు. దాని మొదటి బైటే 255, కాబట్టి సున్నా అంటుంది. జీసీసీ కంపైలర్‌లో డబ్ల్యూ-ఆల్, డబ్ల్యూ-ఎక్స్‌ట్రా హెచ్చరికలు రెండూ పెట్టినా ఇంటెల్ మీద ఇది దొరకదు. డబ్ల్యూ-కన్వర్షన్ కూడా పెట్టు.

లెక్క ఇలా చెయ్యి. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. ప్రతి బైటునీ 192తో బిట్ల వారీగా అండ్ చెయ్యి, 128 వస్తే అది వెనకటి గుర్తుకి కొనసాగింపు, వదిలెయ్. 'తెలుగు' 18 బైట్లు, జవాబు 6: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. కంటికి కనిపించేవి మూడే కదా అంటావు. ఆ మూడు రావాలంటే ఏ గుర్తులు కలిసి ఒక అక్షరమవుతాయో చెప్పే యూనికోడ్ పట్టికలు మోసుకు తిరగాలి. ఈ పనిముట్టుకి అంత బరువు వద్దు, ఏది లెక్కపెడుతున్నావో హెల్ప్ లైన్లో రాస్తే చాలు. లొకేల్, అంటే సిస్టంలో భాష సెట్టింగు, యూటీఎఫ్-8 అయితే లెక్కపెట్టే యూనిక్స్ కమాండు డబ్ల్యూసీకి -ఎమ్ ఇచ్చినా 6 రావాలి, పోల్చి చూసుకో. లెక్కకి ఇంట్ వాడకు, 2,147,483,647 దాటితే చెడిపోతుంది. దానికంటే పెద్ద అంకెలు పట్టే లాంగ్ లాంగ్ వాడు.

లూప్ అయ్యాక, చదవడంలో తప్పు జరిగిందో లేదో చెప్పే ఫెర్రర్‌ని తప్పక చూడు. చదవడంలో తప్పొచ్చినా గెట్‌చార్ ఈఓఎఫ్ అనే అంటుంది. డైరెక్టరీని ఇన్‌పుట్‌గా మళ్ళిస్తే నీ ప్రోగ్రాం నిక్షేపంగా 0 అని చెప్పి వెళ్ళిపోతోంది.

రాయడంలోనూ అంతే. అవుట్‌పుట్‌ని ఫైలుకి మళ్ళిస్తే ప్రింట్‌ఎఫ్ రాసింది ముందు బఫర్‌లోనే, అంటే మెమరీలోని తాత్కాలిక నిల్వలోనే, పడుతుంది. డిస్కు నిండిపోయినా ప్రింట్‌ఎఫ్‌కి తెలియదు. చివర ఎఫ్‌ఫ్లష్‌తో బఫర్‌లో ఉన్నది బయటికి పంపి, అది సున్నా ఇవ్వకపోతే పెర్రర్‌తో తప్పేంటో స్టాండర్డ్ ఎర్రర్‌కి చెప్పి 1తో బయటికి రా. లినక్స్‌లో /డెవ్/ఫుల్‌కి మళ్ళిస్తే నిండిన డిస్కు ఎలా ఉంటుందో తెలుస్తుంది. అప్పుడు ఎగ్జిట్ స్టేటస్ 0, అంటే అంతా సవ్యమే అని, వస్తే ఎక్కడో చెక్ మర్చిపోయావన్నమాట.

ఆప్షన్లు ఇప్పుడే పెట్టకు. సవరించాక మళ్ళీ పంపు, చూస్తాను. అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నాన్న