స్మార్ట్ స్విచ్చు కొనేముందు బోర్డు విప్పి న్యూట్రల్ ఉందో లేదో చూడాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంటి దీపాలకు వైఫై స్మార్ట్ స్విచ్చులు బిగించుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఏ యాప్ వాడాలి, నోటిమాటతో దీపం ఎలా వెలిగించవచ్చు, ఊరెళ్లినప్పుడు వరండా లైటును ఫోన్ నుంచే ఎలా ఆర్పవచ్చు అన్న సంగతులన్నీ అందులో చక్కగా వివరించారు. అయితే స్క్రూడ్రైవర్ ఒక్కటి చేతిలో ఉంటే ఎవరైనా పది నిమిషాల్లో బిగించుకోవచ్చన్న మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. బెంగళూరులో ఇళ్లకు వైరింగ్ చేయించడమే నా వృత్తి కాబట్టి, ఆ మాట నమ్మి పాఠకులు బోర్డు విప్పకముందే కొన్ని విషయాలు తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

మామూలు స్విచ్చు దీపానికి కరెంటు తెచ్చే ఫేజు తీగను కలుపుతుంది, విడదీస్తుంది. తన కోసమంటూ దానికి కరెంటు అక్కర్లేదు. స్మార్ట్ స్విచ్చు లోపల వైఫై చిప్పు, దాన్ని నడిపించే చిన్న పవర్ సప్లై, చిప్పు చెప్పినట్లు దీపం తీగను కలిపి విడదీసే ఒక రిలే ఉంటాయి. దీపం ఆరిపోయి ఉన్నప్పుడు కూడా ఆ చిప్పు మేలుకొని రౌటర్ చెప్పేది వింటూ ఉండాలి కనుక, దానికి 230 వోల్టుల సరఫరా రాత్రింబవళ్లు అందాలి. అందుకు ఫేజుతోపాటు, కరెంటు తిరిగి వెళ్లే దారి అయిన న్యూట్రల్ తీగ కూడా బోర్డులోకి రావాలి. మన పాత ఇళ్ల వైరింగ్‌లో న్యూట్రల్ పైన జంక్షన్ పెట్టె నుంచి నేరుగా దీపానికి వెళ్లిపోతుంది. బోర్డులోకి ఫేజు దిగి, స్విచ్చు దాటిన తరువాత మరో తీగగా పైకి పోతుంది. 5 ఆంపియర్ల సాకెట్ ఉన్న బోర్డులో సాకెట్ కోసమైనా న్యూట్రల్ దింపుతారు కాబట్టి అక్కడ చిక్కు లేదు. మెట్ల దగ్గర, బాత్రూము బయట, తలుపు పక్కన రెండు మూడు స్విచ్చులు మాత్రమే ఉండే చిన్న బోర్డుల్లో చాలాచోట్ల అది ఉండదు. స్మార్ట్ స్విచ్చు డబ్బా మీద ఫోన్ బొమ్మ పెద్దగా వేస్తారు కానీ, న్యూట్రల్ తప్పనిసరి అన్న మాట లోపలి కాగితంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

న్యూట్రల్ దొరకనప్పుడు కొందరు బిగించేవాళ్లు చేసే పని నిజంగా ప్రమాదకరమైనది. లోపం వస్తే కరెంటును భూమిలోకి పంపే ఆకుపచ్చ ఎర్త్ తీగ బోర్డులో కనబడుతూనే ఉంటుంది. దాన్నే తెచ్చి స్విచ్చు మీద న్యూట్రల్ గుర్తు ఉన్న చోట బిగిస్తారు. చిప్పు వెలుగుతుంది, యాప్ పలుకుతుంది, డబ్బు చేతిలో పడుతుంది. కె.ఆర్. పురం వైపు ఒక ఇంట్లో ఇల్లాలు నన్ను పిలిపించి, "అన్నా, స్విచ్చులు బాగానే పనిచేస్తున్నాయి గానీ వాషింగ్ మెషీన్ ముట్టుకుంటే జివ్వుమంటోంది" అని చెప్పింది. మెషీన్ లోపలి ఫిల్టరు వల్ల అలా జరగడం కూడా మామూలే కాబట్టి ముందుగా దాని సాకెట్ స్విచ్చు ఆపి చూశాను. అయినా మెషీన్ ఒంటి మీద టెస్టర్ వెలుగుతూనే ఉంది. హాలు లైట్లకు సరఫరా ఇచ్చే మీట (ఎంసీబీ) దించగానే ఆరిపోయింది. విప్పి చూస్తే హాలు బోర్డులోని మూడు స్మార్ట్ స్విచ్చులూ ఎర్త్ తీగ మీదే నడుస్తున్నాయి. కింద ఎర్త్ గుంత దగ్గర తీగ తుప్పు పట్టి దాదాపు తెగిపోయి ఉంది. భూమిలోకి సరైన దారి లేక, స్విచ్చుల గుండా వచ్చిన కరెంటు ఆ ఎర్త్‌కు కలిసి ఉన్న ప్రతి లోహపు వస్తువు మీదికీ చేరింది. ఫ్రిజ్, గీజరు కూడా అదే ఎర్త్ మీద ఉన్నాయి.

కరెంటు భూమిలోకి కారితే సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ ఆ ఇంట్లో ఉంది, అయినా అది పడలేదు. ఒక వాటు వాడే స్విచ్చు ఎర్త్ మీదికి పంపేది నాలుగైదు మిల్లీ ఆంపియర్లు, వాటుకు ఎక్కువ కరెంటు లాగే రకమైతే (పవర్ ఫ్యాక్టర్ తక్కువైతే) అంతకు రెట్టింపు. ఇళ్లలో సాధారణంగా పెట్టే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లది. 15కు లోపల అది పడకూడదని ప్రమాణమే చెబుతుంది. అందువల్ల ఒకటి రెండు స్విచ్చులు ఎర్త్ మీద నడిచినా దానికి తెలియదు. ఇంకో మూడు నాలుగు చేర్చినప్పుడు మాత్రం ఏ అర్ధరాత్రో కారణం లేకుండా పడుతుంది. అప్పుడు ఆర్‌సీసీబీయే పాడైందని దాన్ని తీసి పారేసేవాళ్లనూ చూశాను.

ఎర్త్‌ను న్యూట్రల్ అని పొరబడకుండా ఉండడానికి టెస్టర్ చాలదు, ఎందుకంటే రెండు తీగల మీదా అది వెలగదు. మల్టీమీటర్‌లో ఫేజు నుంచి ఏ తీగకు కొలిచినా దాదాపు అదే వోల్టేజి చూపిస్తుంది. పాత ఇళ్లలో తీగ రంగును నమ్మడానికీ వీల్లేదు. చేతికి ఏ చుట్ట దొరికితే అది లాగేసిన పైపులు ఈ ఊళ్లో కావలసినన్ని ఉన్నాయి. ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ విడదీసే మెయిన్ స్విచ్చును ఆపి, కరెంటు లేదని నిర్ధారించుకొని, మల్టీమీటర్‌ను, తీగలు కలిసి ఉంటే కూత పెట్టే కంటిన్యుటీలో పెట్టి ఒక మొనను దగ్గరలోని సాకెట్ పై రంధ్రంలోనూ రెండో మొనను అనుమానమున్న తీగకూ ఆనించాలి. కూత వినబడితే అది ఎర్త్.

ఇన్వర్టరు ఉన్న ఇళ్లలో మరో తిరకాసు ఉంది. గదికొక లైటు, ఒక ఫ్యాను ఇన్వర్టరు ఫేజు మీద ఉంటాయి, తక్కినవి విద్యుత్ సంస్థ బెస్కాం సరఫరా మీద ఉంటాయి, బోర్డు మాత్రం ఒకటే. ఫేజును ఒక వైపు నుంచి, న్యూట్రల్‌ను మరో వైపు నుంచి తీసుకుంటే వెళ్లిన కరెంటు వెళ్లిన దారిన తిరిగి రాదు కాబట్టి ఆర్‌సీసీబీ పడడం మొదలవుతుంది. ఏ ఫేజుకు ఏ న్యూట్రల్ జతో ఇంటి మెయిన్ బోర్డు (డీబీ) దాకా వెళ్లి తేల్చుకున్న తరువాతే స్విచ్చు బిగించాలి. ఈ తేల్చుకోవడం పది నిమిషాల్లో అయ్యే పని కాదు.

న్యూట్రల్ అక్కర్లేని స్మార్ట్ స్విచ్చులు కూడా మార్కెట్లో ఉన్నాయి. అవి దీపం గుండానే అతి కొద్ది కరెంటును పంపించి తమ చిప్పును బతికించుకుంటాయి. ఫిలమెంటు బల్బుల కాలంలో ఆ కొద్ది కరెంటు కంటికి తెలిసేది కాదు. ఇప్పటి తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు ఆర్పిన తరువాత కూడా మసకగా వెలుగుతూనో, కొట్టుకుంటూనో ఉంటుంది. దీపం దగ్గర ఒక చిన్న కెపాసిటరు కలిపితే చాలావరకు సరిపోతుంది. వేరే దారి లేని చోట తప్ప నేను వీటిని సిఫారసు చేయను.

చట్టం సంగతి కూడా పాఠకులకు తెలియాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం, ఇంటి వైరింగ్ సామర్థ్యాన్నీ స్వభావాన్నీ మార్చకుండా బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చులు మార్చుకోవడానికి లైసెన్సు అవసరం లేదు. పైపులోంచి కొత్త న్యూట్రల్ లాగడం మాత్రం ఆ మినహాయింపులోకి రాదు. అది లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేయించవలసిన పని. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి 2011 కూర్పు నుంచీ, కొన్ని మినహాయింపులతో, దీపాల స్విచ్ పెట్టెల్లో న్యూట్రల్ ఉండి తీరాలని చెబుతోంది. ఎలక్ట్రానిక్ స్విచ్చులు తమ అవసరానికి ఎర్త్ తీగను వాడుకోవడం పెరిగినందువల్లే అక్కడ ఆ నియమం తెచ్చారు. వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు వైపు లేస్తున్న అపార్ట్‌మెంట్ల బిల్డర్లు బ్రోషర్లలో స్మార్ట్ హోమ్ అని అచ్చువేసుకుంటున్నప్పుడు, ప్రతి స్విచ్ బోర్డుకూ న్యూట్రల్ దింపామని తాళాలు అప్పగించే రోజు ఇచ్చే వైరింగ్ పటంలో రాసి ఇవ్వాలని కొనుగోలుదారులు అడగాలి. స్లాబు వేసేటప్పుడు పైపులో ఒక తీగ అదనంగా పోవడానికి అయ్యే ఖర్చు ఎంతో ఏ వైర్‌మన్‌ను అడిగినా చెబుతాడు. గోడలకు రంగులు పడ్డాక అదే తీగ కోసం గాడి కొట్టవలసి వస్తే ఎంతవుతుందో కూడా అతడినే అడగవచ్చు.

ఎన్నుకొనేటప్పుడు డబ్బా మీద ఆంపియర్ల అంకెను కూడా జాగ్రత్తగా చదవాలి. 10 ఆంపియర్లు అని ఉంటే అది హీటరు వంటి నిరోధక భారానికి చెప్పిన లెక్క. ఎల్ఈడీ దీపాల డ్రైవర్లు వేసిన క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. ఫాల్స్ సీలింగులో డజను దీపాలను ఒకే రిలే మీద పెడితే కొన్నాళ్లకు దాని కాంటాక్టులు అతుక్కుపోయి, యాప్‌లో ఆర్పినా దీపాలు ఆరవు. తయారీదారు ఎల్ఈడీలకు వేరుగా వాట్లు చెప్పి ఉంటే ఆ అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. పాత స్విచ్చు వెనుక దాచే చిన్న మాడ్యూల్ రకమైతే గోడలోని పెట్టె లోతు కొలుచుకొని కొనాలి; తీగలను అదిమి మూత పెడితే లూజు కనెక్షను, దాని వెనకే వేడి తప్పవు. గీజరును మాత్రం ఈ లైట్ల స్విచ్చుల మీద పెట్టవద్దు.

వైఫై విషయంలో చెప్పవలసింది తక్కువే. చౌక స్విచ్చుల్లో ఎక్కువ భాగం ఈఎస్పీ8266 వంటి చిప్పుల మీద తయారైనవి, వాటికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 గిగాహెర్ట్జ్ వినబడదు. రౌటర్ రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే జతచేసేటప్పుడు ఇబ్బంది రావచ్చు. అప్పుడు కాసేపు 5 గిగాహెర్ట్జ్‌ను ఆపితే సరి. గోడలో ఇనుప పెట్టె ఉంటే సిగ్నల్ మందగిస్తుంది. కరెంటు పోయి వచ్చాక దీపం ఏ స్థితిలో ఉండాలో యాప్‌లో ముందే "ఆఫ్" అని పెట్టుకోకపోతే, కొన్ని రకాలు తెల్లవారుజామున రెండు గంటలకు ఇంటిల్లిపాదినీ వెలుగుతో లేపుతాయి. వర్షాకాలంలో ఈ ఊరి సరఫరా సంగతి తెలిసిందే కదా.

ఇక కరెంటు ఆదా గురించి. స్విచ్చు తానే ఒక వాటు తింటే ఏడాదికి 8.76 యూనిట్లు; అలాంటివి పది ఉంటే దాదాపు 88 యూనిట్లు, అంటే నెలకు ఏడుకు పైగా. తొమ్మిది వాట్ల బల్బు రోజూ ఐదు గంటలు వెలిగితే ఏడాదికి 16 యూనిట్లు అవుతుంది. ఇంట్లో ఎల్ఈడీలు ఉన్నవారికి ఈ స్విచ్చులతో బిల్లు తగ్గుతుందన్న ప్రకటనను నేను నమ్మను. కర్ణాటక ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద 200 యూనిట్ల గీత దగ్గర ఉన్నవారు ఇంకా ఆలోచించాలి. మోకాళ్ల నొప్పితో రాత్రి లేచే పెద్దవాళ్లకు మంచం మీద నుంచే నడవా దీపం వేసుకోగలగడం మాత్రం నిజమైన సదుపాయం. కొంటే ఆ ఒకటి రెండు చోట్లకే కొనమని నన్ను అడిగినవారికి చెబుతుంటాను.

అన్నింటికంటే నాకు కోపం తెప్పించేది ఈ వస్తువుల ఆయుష్షు గురించి ఎవరూ మాట్లాడకపోవడం. అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే సంస్థ 2022 ఏప్రిల్‌లో తన సర్వర్లను చెప్పాపెట్టకుండా ఆపేసింది. ఇంటి దీపాలను ఆ సంస్థ యాప్ మీద నడుపుకొన్న వినియోగదారులు ఉన్నపళంగా చిక్కుల్లో పడ్డారు. ఇంటర్నెట్ లేకపోయినా ఇంటి నెట్‌వర్క్‌లోనే నడిచే రకం కొనడం దీనికి విరుగుడు. 2022 అక్టోబరులో వెలువడిన, మ్యాటర్ అనే స్మార్ట్ వస్తువుల ప్రమాణం గుర్తు ఉన్నవి అలా నడవగలవు. గోడ మీద చేత్తో నొక్కే మీట కూడా తప్పక ఉండాలి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, నెట్‌కు కలిసే ఇంటి వస్తువులకు అందరికీ ఒకటే అయిన సులువు పాస్‌వర్డు పెట్టి అమ్మకూడదు, భద్రతా అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారో కొనేవాడికి ముందే చెప్పాలి. మన బి.వి.కె. అయ్యంగార్ రోడ్డు అంగళ్లలో స్విచ్చు మీద ఐఎస్ఐ గుర్తు చూసి కొనడం అలవాటైన జనానికి, డబ్బా మీద ఆ గడువు తేదీ కూడా చూసుకొనే వీలు కల్పించడం ప్రభుత్వానికి కష్టమైన పనేమీ కాదు.

మీ అనుబంధంలో ఈ విషయం మీద మళ్లీ రాసేటప్పుడు, న్యూట్రల్ ఉన్న బోర్డూ లేని బోర్డూ విప్పితే ఎలా కనిపిస్తాయో రెండు ఫొటోలు పక్కపక్కన అచ్చువేయండి. న్యూట్రల్ లేనివారు స్విచ్చుకు బదులు హోల్డరులో బిగించే స్మార్ట్ బల్బును వాడుకోవచ్చని, అప్పుడు గోడ మీది స్విచ్చును ఎప్పుడూ వేసి ఉంచాలని కూడా ఆ ఫొటోల కింద రాయగలరు.

ఇట్లు,
ఒక ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్,
రామమూర్తినగర్, బెంగళూరు