అన్నిటి మీదా ఒకటే '2 టన్నులు': మోడులు లాగే కిట్‌పై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగానికి,

విషయం: తాడు–కప్పీ కిట్‌లో తప్పు లేబుళ్లు, ప్రమాదకరమైన మాన్యువల్ బొమ్మలు.

అయ్యా,

మీ కిట్‌లో వించ్ (తాడును చుట్టి లాగే యంత్రం), తాడు, కప్పీ, షాకిల్ (అడ్డసీల ఉన్న U ఆకారపు లోహపు లంకె), అన్నిటి మీదా '2 టన్నులు' అనే ముద్ర ఉంది. అది పనిలో మోపదగ్గ భారమో, తెగే భారమో ఎక్కడా చెప్పలేదు.

12 మి.మీ. మూడు పురుల నైలాన్ తాడు కొత్తదైనా సుమారు 3 టన్నుల దగ్గర తెగుతుంది. భద్రత కోసం అందులో అయిదో వంతే లెక్క కనుక పనికి వాడదగ్గది 600 కిలోలే. పైగా మాన్యువల్ మోడుకు ముడి వేయమంటోంది. ముడి పడ్డచోట బలం దాదాపు సగానికి పడిపోతుంది. అంటే మీ వించే మీ తాడును తెంపగలదు! నైలాన్ బాగా సాగి తెగుతుంది కనుక కొస కొరడాలా వెనక్కొస్తుంది, షాకిల్‌తో సహా. ముడి అక్కర్లేకుండా కొసన కన్ను (ఉచ్చు) అల్లి, లోపల లోహపు తొడుగు పెట్టి ఇవ్వడం మీకంత కష్టమా?

3వ బొమ్మలో కప్పీని ఆధారపు చెట్టుకు కట్టి, తాడును వెనక్కి తిప్పి, 'లాగుడు రెట్టింపు' అని రాశారు. అక్కడ కప్పీ దిశ మారుస్తుందే తప్ప మోడు మీద లాగుడు ఒక్క కిలో కూడా పెరగదు. రెట్టింపయ్యేది కప్పీ మీద, దాన్ని పట్టిన షాకిల్ మీద పడే భారం. తాడులో 2 టన్నులుంటే, రెండు పాయలూ పక్కపక్కనే సాగినప్పుడు 4 టన్నులు. లంబకోణంలో తిరిగితే సుమారు 2.8. లాగుడు పెరగాలంటే కప్పీ మోడుకు ఉండాలి, తాడు కొస చెట్టుకు.

కప్పీ చక్రం 50 మి.మీ. మాత్రమే. ఈ తాడుకు మందం కన్నా 8 రెట్లు, అంటే 96 మి.మీ. కావాలి. చిన్న చక్రం మీద పురులు లోలోపల ఒరుసుకుని నలుగుతాయి, పైకి కనబడదు.

అన్నిటికన్నా ఘోరం 4వ బొమ్మ. బిగిసిన రెండు పాయల మధ్య మనిషి గొడ్డలితో వేరు నరుకుతున్నాడు. కప్పీ పట్టు తప్పితే దూసుకొచ్చేది సరిగ్గా అక్కడికే. పక్క వేర్లు తాడు బిగించకముందే నరకాలి; బిగించాక ఆ రెండు పాయల మధ్యకు ఎవరూ అడుగు పెట్టకూడదు.

కాబట్టి ఈ కిట్ అమ్మకం ఆపండి. ఒక్కో భాగం మీద పని భారం, తెగే భారం విడివిడిగా ముద్రించండి. ఇప్పటికే కొన్నవారికి 4 టన్నుల పని భారం మోసే కప్పీ, షాకిల్, వించ్‌కు తగిన మందపు తాడు పంపండి, లేదా డబ్బు వెనక్కివ్వండి. లేబుళ్ల ఫొటోలు, ఆ రెండు బొమ్మలున్న పేజీలు జతచేశాం.

ఇట్లు,
మోడులు తీసే పనివారి బృందం