వంకరపోయిన ఓడ బొమ్మని పారేయమని చెప్పకండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న ఆదివారం మీ పేజీలో ఒక అబ్బాయి ప్రశ్న చూశాను, చెక్క ఓడ కిట్ తెచ్చుకుని సగం కట్టాక చూస్తే హల్, అంటే ఓడ ఒళ్ళు, ఒక పక్కకి కొడవలిలా వంగిపోయింది ఏం చెయ్యాలి అని. దానికి జవాబు ఒక్క ముక్క వేశారు, చెక్క ఒకసారి వంగితే ఇంక సాపు అవ్వదు కొత్తది కొనుక్కోమని. చదివి చాలా బాధేసింది. ఆ కిట్లు చవగ్గా రావు, పైగా నెలల తరబడి కూర్చుని కట్టింది పారేయమంటే ఆ పిల్లాడు మళ్ళీ ఉలి ముట్టుకుంటాడా? అసలు ఆ మాట నిజం కూడా కాదండి.

మాది కాకినాడ. ఇక్కడికి దగ్గర్లోనే తాళ్ళరేవు, కోరంగి, ఒకప్పుడు చెక్క ఓడలు కట్టిన ఊళ్ళు, బర్మా వెళ్ళిన మనవాళ్ళని అక్కడ కోరంగీలు అనే పిలిచేవారు. ఆ ఓడల మీద ఇష్టంతోనే నేనూ మోడల్స్ మొదలెట్టాను. నా రెండో ఓడకి కీల్, అంటే అడుగున వెన్నెముకలా ఉండే చెక్క, 5 మిల్లీమీటర్ల ప్లైవుడ్, సముద్రం గాలికి పెట్టెలోనే వంగిపోయింది, ముక్కు నుంచి వెనక దాకా దారం లాగి కట్టి చూస్తే మధ్యలో 6 మిల్లీమీటర్లు తేడా. మొదట నేను చేసిన తప్పు చెప్తాను, అందరూ అదే చేస్తారు, బలవంతంగా సాపు చేసి క్లాంపులు బిగించి రాత్రంతా వదిలేశాను, పొద్దున విప్పగానే మళ్ళీ యథాప్రకారం వంగింది.

ఎందుకంటే చెక్క తేమ తాగి ఉబ్బుతుంది, అదీ పొడుగు వైపు దాదాపు ఏమీ ఉండదు, అడ్డంగానే ఎక్కువ. వానాకాలం తలుపు బిగుసుకోవడం అందరం చూసేదే కదా. రెండు వైపులా సమానంగా ఉబ్బితే గొడవ లేదు, ఒక వైపు తేమ, ఒక వైపు ఎండ అయితేనే మెలి తిరుగుతుంది. అందుకే గుంటపడ్డ వైపు తడి పెట్టాలి, ఉబ్బిన వైపు కాదు. తడి ఒక్కటే చాలదు, వేడి కూడా కావాలి, చెక్కలో పీచుని పట్టి ఉంచే లిగ్నిన్ వేడికి మెత్తబడితేనే చెక్క కొత్త ఆకారానికి ఒప్పుకుంటుంది. నేను చేసేదేంటంటే గుంట వైపు తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెతో ఆవిరి పట్టిస్తాను, నీళ్ళలో మాత్రం నానబెట్టను, ప్లైవుడ్ పొరలు ఊడిపోతాయి. వేడి తగ్గకముందే గ్రానైట్ గట్టు మీద పెట్టి, అవతలి వైపుకి 2 మిల్లీమీటర్లు ఎక్కువే వంచుతాను, వదిలాక కొంత వెనక్కి వస్తుంది కాబట్టి. కిందా మీదా సన్న పట్టీలు పెట్టాలి గాలి ఆడ్డానికి, పైన బరువులు, అలా రెండు రోజులు ముట్టుకోకూడదు.

అయితే సాపు అయిందని అక్కడితో ఆపితే మళ్ళీ వంగుతుంది. కీల్‌కి అడ్డంగా పక్కటెముకల్లా నిలబెట్టే బల్క్‌హెడ్‌ల మధ్య ఖాళీల్లో కీల్‌కి రెండు పక్కలా చెక్క దిమ్మలు అంటించి బిగించేయాలి, ప్రతి దిమ్మా మూలమట్టంతో చూసుకుంటూ. వాటి పైన కప్పే పలకలు వేసేటప్పుడు ఎడమ ఒకటి వేస్తే వెంటనే కుడి ఒకటి, ఒక పక్కంతా అయిపోయాక రెండో పక్కకి వెళ్తే జిగురు ఆరే కొద్దీ హల్ అటే లాగేస్తుంది, ఆ అబ్బాయి ఓడకి ఇదే జరిగిందని నా అనుమానం. రంగో వార్నిషో కూడా బయట ఒక్కటే వేసి వదలకూడదు, లోపలి వైపు తేమ తాగుతూనే ఉంటుంది.

పలకలు వేసేశాక వంగితే? అప్పుడూ దారి ఉందండి. తెల్ల జిగురుతో అంటించి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బ్రష్‌తో రాస్తే కాసేపటికి మెత్తబడుతుంది, కీల్ దగ్గరి పలకలు రెండు మూడు జాగ్రత్తగా ఊడదీసి, లోపల సరిచేసి దిమ్మలు పెట్టి, మళ్ళీ మూసెయ్యడమే. ఒకటి రెండు మిల్లీమీటర్ల వంకరైతే అదీ అక్కర్లేదు, ఉప్పు కాగితం పట్టి రెండో పొర పలకలతో సరిపెట్టొచ్చు.

అసలు పెద్ద ఓడలకే ఇది తప్పలేదు. అమెరికా బోస్టన్‌లో కాన్‌స్టిట్యూషన్ అనే చెక్క యుద్ధనౌక ఉంది, 1797లో నీళ్ళలోకి దించారు. 1992లో మరమ్మత్తు కోసం నీళ్ళు తోడేసే డ్రై డాక్‌కి తెచ్చేసరికి కీల్ మధ్య భాగం చివరలకంటే సుమారు 13 అంగుళాలు పైకి లేచి ఉంది. వాళ్ళు విరగ్గొట్టలేదు, బ్లాకుల మీద కొద్దికొద్దిగా తనంతట తానే కూర్చునేలా చేసి, పాత డిజైన్‌లో ఉన్న ఏటవాలు దూలాలు మళ్ళీ లోపల బిగించారు. ముందు నెమ్మదిగా సాపు చెయ్యడం, తర్వాత బిగించడం, నా వంటింటి గట్టు మీద జరిగేదీ అదే.

అందుకని వచ్చే ఆదివారం ఆ జవాబు మార్చి వెయ్యమని నా మనవి. ఆ అబ్బాయి ఓడ ఇంకా ఇంట్లోనే ఉంటే ఎండలో గానీ స్టవ్ పక్కన గానీ పెట్టొద్దని, ముందు నీడలో ఉంచి ఒక దారం కట్టి ఎంత వంగిందో, ఎటు వంగిందో కొలవమని చెప్పండి.

కాకినాడ నుంచి ఒక పాఠకుడు